ఆరున్నొక్క డేగలు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నాపెద్దా అందరికీ ఆయన లాభంగారు. ఏదో వ్యాపారం చేసి బాగా గడించాడని అనుకునేరు, అదేం కాదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ మార్కెట్టు యార్డులో గోదాము గుమ్మం దగ్గర నిలబడి, లారీలోంచి దిగే బస్తాలను లెక్కపెట్టడమే ఆయన పని. ఆ గుమ్మం దగ్గర "ఒకటి" అని ఎవరూ అనరు. మొదటి బస్తా "లాభం". తర్వాత రెండు, మూడు, నాలుగు మామూలే. ఆరు దాటాక మళ్ళీ చిక్కొస్తుంది. సరుకు ముందు నిలబడి ఎవరైనా "ఏడు" అంటారా? సరుకు ఏడిస్తే కొన్నవాడు ఏడుస్తాడు, అమ్మినవాడు ఏడుస్తాడు, మోసేవాడు ఎలాగూ ఏడుస్తూనే ఉంటాడు. అందుకని ఏడు బదులు "ఆరున్నొకటి" అనేవారు. లోపల కూర్చున్న గుమాస్తా అది విని ఏడని రాసుకునేవాడు. యార్డులో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

ఆయన రిటైరయి ఇంటికి రావడంతో ఇబ్బంది మొదలైంది. గుమ్మం మారింది గాని నోరు మారలేదు.

ఇంట్లో లెక్కకు తగని వస్తువంటూ లేకపోయింది. తీగ మీద ఆరేసిన బట్టలు, డబ్బాలోని మాత్రలు, ఎదురింటివాళ్ళు గేటు వేసిన చప్పుళ్ళు, అన్నీ లెక్కే. పోనీ మనసులో లెక్కపెట్టుకుంటాడా అంటే, ఆ విద్య ఆయనకు రాదు. ఇంజను ఆపని లారీ పక్కన నిలబడి, లోపలి గుమాస్తాకు వినపడేలా అరిచిన గొంతు అది. చుట్టాలొచ్చి కూర్చుంటే, పళ్ళెంలోంచి బిస్కెట్టు తీసిన ప్రతిసారీ ఎదుటి కుర్చీలోంచి లెక్క వినపడేది. మూడో బిస్కెట్టు నోటిదాకా తీసుకెళ్ళినవాడు "మూడు" అన్న కేక విని, దాన్ని తినాలో తిరిగి పెట్టేయాలో తెలియక గుటకలు మింగేవాడు. పాపం, ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. "ఇంకో నాలుగు తీసుకో నాయనా" అనే అంటాడు. కాకపోతే ఆ నాలుగూ కూడా లెక్కపెడతాడు.

లాభంగారి భార్యకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ ఇంట్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఒక ప్రెస్సువాళ్ళకు ప్రూఫులు దిద్దుతుంది. అక్షరం అక్షరం పట్టి చూడాలి. ఆ పనికి నిశ్శబ్దం కావాలి. పక్కగదిలోంచి లెక్కలు వినపడుతుంటే ఎక్కడి అక్షరాలు, ఎక్కడి నిశ్శబ్దం! ఒకసారి వంటల పుస్తకం ప్రూఫులో "ఒక చెంచా ఉప్పు" ఉన్నచోట ఆవిడ చెయ్యి తనంతట తాను "లాభం చెంచా ఉప్పు" అని దిద్ది పంపేసింది. అది కొత్త రకం ఉప్పా అని ప్రెస్సు యజమాని ఫోన్ చేసి అడిగాడు. ఇంకోసారి ఇలాంటిది జరిగితే పని వేరేవాళ్ళకు ఇస్తానని కూడా, చాలా మర్యాదగానే, అన్నాడు.

పైగా వీధివాళ్ళు ఆవిణ్ణి లాభమ్మగారంటారు. ఆ పిలుపు వింటేనే ఆవిడకు ఒళ్ళు మంట.

"ఆ మాట ఈ జన్మలో నా నోటితో అనను. మీకు దణ్ణం పెడతాను, పొద్దున పూటైనా నోరు మూసుకుని కూర్చోండి. లేదంటే ప్రూఫులు పట్టుకుని మా చెల్లెలింటికి పోతాను. మీరిక్కడ గోడలు లెక్కపెట్టుకోండి" అంది ఆవిడ ఒకరోజు.

"ఎన్నున్నాయని, నాలుగేగా" అన్నాడాయన.

పెట్టె సర్దుకోవడం ఒక్కటే తక్కువ అన్న పరిస్థితిలో ఆవిడకు దవడ పన్ను పీకించుకోవలసి వచ్చింది. తోడుగా ఆయనా వెళ్ళాడు. లోపల పన్ను పీకుతున్నంతసేపూ ఆయన బయట కుర్చీలు లెక్కపెట్టాడు, కుర్చీల్లోని మనుషుల్ని లెక్కపెట్టాడు, వాచిన దవడలను విడిగా లెక్కపెట్టాడు. నోట్లో దూది కుక్కుకుని బయటికొచ్చిన లాభమ్మకు గోడ మీద ఒక కాగితం కనపడింది. డేగలను లెక్కపెట్టడానికి మనిషి కావాలి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా, జీతం లేదు, గొంతు మాత్రం ఉండాలి అని దాని మీద రాసి ఉంది. ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు. ఒక వేలు కాగితం వైపు, ఇంకో వేలు మొగుడి వైపు చూపించి, పళ్ళ డాక్టరు మొహంలోకి దీనంగా చూసింది.

"బాబాయిగారూ, మీ గొంతు ఏపాటిది?" అని అడిగాడు డాక్టరు.

"ఎంత దూరం పోవాలేమిటి?" అని ఆయన మామూలుగానే అడిగాడు. లోపల మత్తిచ్చి పడుకోబెట్టిన మనిషి లేచి కూర్చున్నాడు. డాక్టరు అక్కడికక్కడే ఆయన్ని ఖాయం చేశాడు.

ఈ డాక్టరు గురించి కాస్త చెప్పాలి. ఆయనకు డేగలంటే ప్రాణం. ఏటా వానలు తగ్గి, చలి ఇంకా ముదరని రోజుల్లో, మంచు పడే చోట్ల నుంచి డేగలు వెచ్చటి చోట్లు వెతుక్కుంటూ దక్షిణానికి పోతాయి. ఆ ఊరికి రెండు పక్కలా గుట్టలున్నాయి, వాటి మధ్య సందులోంచే వాటి దారి. ఎన్ని పోయాయో లెక్కపెట్టడానికి డాక్టరు ఒక చిన్న సంఘం కూడా పెట్టాడు. కానీ నోళ్ళలోకి వంగీ వంగీ ఆయన మెడ కిందికి తప్ప పైకి తిరగడం మానేసింది. పాపం, డేగను కళ్ళారా చూడాలంటే ఆయన నేల మీద వెల్లకిలా పడుకోవాలి. అంతకుముందు లెక్కపెట్టిన పోస్టాఫీసు అమ్మాయికి బదిలీ కావడంతో డాక్టరు సంఘంలో చివరికి డాక్టరే మిగిలాడు.

లెక్కపెట్టే చోటు, మూతపడిన పిండిమిల్లు మేడ. ఐదంతస్తులెక్కితే డాబా, డాబా మీద మెట్ల గది, ఆ గది కప్పు మీదికి ఇనప నిచ్చెన. కప్పు మీద లాభంగారు నిలబడతాడు. కింద గదిలో, గాలికి కాగితాలు ఎగరకుండా తలుపు ఓరగా వేసుకుని, డాక్టరు కూర్చుంటాడు. పైనుంచి ఆయన అరవాలి, కిందనుంచి ఈయన రాసుకోవాలి. ఎండెక్కాక నేల వేడికి గాలి పైకి లేస్తుంది. డేగలు రెక్క ఆడించకుండా ఆ గాలిలో సుడి తిరుగుతూ పైకి పోతాయి. అలా తిరుగుతున్నప్పుడు లెక్కపెడితే ఒకదాన్నే నాలుగుసార్లు లెక్కపెడతారు. పైదాకా పోయి, ఒకదాని వెనక ఒకటి వరసకట్టి గుట్టల సందులోకి జారుతున్నప్పుడు లెక్కపెట్టాలి. ఊళ్ళో ఉండే గద్దలకు లెక్క లేదు.

ఇదంతా లాభంగారికి వెన్నతో పెట్టిన విద్యలా అబ్బింది. యార్డులోనూ అంతే కదా, లారీ మీదున్న బస్తాకు లెక్క లేదు, గుమ్మం దాటినదానికే లెక్క. కంటి ఆపరేషను అయినప్పటి నుంచి దగ్గరి వస్తువులు మసకే గాని, దూరంలో చీమ కూడా దొరికిపోతుంది. అలవాటు కొద్దీ పెదాల మీదే గొణుక్కుంటూ లెక్కపెట్టి, ఆఖరున మొత్తం ఎంతో ఒక్క కేక వేసేవాడు. "నాలుగు!" అంటే కింద డాక్టరు నాలుగు రాసేవాడు. "విన్నది విన్నట్టు రాస్తాను పిన్నిగారూ, నా సొంత తెలివి చుక్కైనా కలపను" అని ఆయన లాభమ్మ దగ్గర గర్వంగా చెప్పుకున్నాడు.

ఇంట్లో మాత్రం పొద్దున పూట నిశ్శబ్దం వచ్చింది. ఆ ఇంట్లో గోడ గడియారం టిక్కుటిక్కుమంటుందన్న సంగతి లాభమ్మకు అప్పుడే తెలిసింది. రెండు పుస్తకాల ప్రూఫులు ఒక్క తప్పు లేకుండా పంపింది. ప్రెస్సు యజమాని మెచ్చుకుంటూ ఫోన్ చేశాడు. చెల్లెలు ఫోన్ చేసి, "ఎప్పుడొస్తున్నావక్కా? గది ఖాళీగా ఉంది" అంటే, "ఆ గదిలో ఉల్లిపాయలు పోసుకో" అంది. మధ్యాహ్నానికి ఆయన ఎండకు మొహం నల్లగా మాడినా, నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు. డేగల కబుర్లు చెప్పుకుని, తృప్తిగా నిద్రపోయేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆవిడకు మొగుడు మళ్ళీ ముద్దొచ్చాడు. దూరంగా ఉన్నందుకేనేమో అని కూడా ఆవిడకు అనుమానం వచ్చింది గాని, ఆ అనుమానాన్ని ఆవిడ పెంచి పోషించలేదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం డాక్టరు ఇంటికొచ్చాడు. ఇచ్చిన టీ తాగకుండా కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. చెప్పలేక చెప్పలేక మొత్తానికి చెప్పాడు.

"మన మేడ మీదుగా పోయిన డేగలు కాసేపటికి పొరుగూరి మీదుగా పోతాయి కదండీ. అక్కడ ఒక లెక్కల లెక్చరరు గారు లెక్కపెడతారు. ఏ రోజుకారోజు ఇద్దరం సరిచూసుకుంటాం. మనం అరవై ఒకటి పోయాయంటే ఆయనకు ఏడే కనపడ్డాయట. మిగతా యాభై నాలుగూ దారిలో టీ తాగడానికి దిగాయా అని అడుగుతున్నాడండీ."

"ఒక్కసారేగా" అంది లాభమ్మ.

"ఎన్నోసార్లండీ! ఎప్పుడూ అరవై ఒకటే. మొన్నయితే నూట అరవై ఒకటి వస్తున్నాయని అప్పటికప్పుడే ఫోన్ చేశాను. ఆయన కాలేజీకి సెలవు ఇప్పించి మరీ పిల్లలందరినీ డాబా ఎక్కించాడట. పదిహేడొచ్చాయట. ఆయనకు మెడ పట్టేసిందట." డాక్టరు తన మెడ తడుముకున్నాడు. "అందుకని... బాబాయిగారు ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకుంటే..."

లాభమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. ఈయన విశ్రాంతి తీసుకుంటే తన విశ్రాంతికి నీళ్ళొదులుకోవాల్సిందే. గడియారం చప్పుడూ ఉండదు, ప్రెస్సు పనీ ఉండదు, ఆఖరికి చెల్లెలింట్లో ఉల్లిపాయల పక్కన పడుకోవాలి. లాభంగారేమో పుట్టి మునిగినట్టు చూస్తున్నాడు. బస్తాల లెక్కలో ఎన్నడూ ఒక్క తప్పూ చేయని మనిషి.

"ఇంకో విచిత్రం కూడా ఉందండీ" అన్నాడు డాక్టరు. "డేగలు ఒంటరిగా పోవడమే ఎక్కువ. మన లెక్కలో ఒంటరి డేగన్నది ఒక్కటీ లేదు."

"ఎందుకు లేదయ్యా?" లాభంగారు కుర్చీలోంచి లేచాడు. "రోజూ ఎన్ని పోతున్నాయి! ప్రతిదానికీ గొంతు చించుకుని అరుస్తున్నాను కదా!"

"ఏమని అరిచారు?"

"లాభం అని!"

డాక్టరు తెల్లమొహం వేశాడు. "అది... మీరు సంతోషం పట్టలేక అంటున్నారనుకున్నానండీ. అందుకే నేను కూడా కిందనుంచి 'చాలా సంతోషం బాబాయిగారూ' అనేవాణ్ణి."

"అంటుంటే విన్నాను. మర్యాదస్తుడివని అనుకున్నాను."

లాభమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మరి అరవై ఒకటి సంగతేమిటి డాక్టరుగారూ?" అని అడిగింది. ఆ సరికి ఆవిడకు సంగతి సగం తెలిసిపోయింది.

"బాబాయిగారే చెప్పారండీ. ఆరు, ఒకటి అని."

"ఆరున్నొకటి అన్నాను" అన్నాడు లాభంగారు.

"అదేనండీ. ఆరు, ఒకటి." డాక్టరు గాల్లో వేలితో రెండంకెలూ రాసి చూపించాడు. పళ్ళ డాక్టర్లకు అది అలవాటు. ఏ పన్నుకు జబ్బు చేసిందో నర్సుకు చెప్పేటప్పుడు రెండంకెలుగా చెబుతారు. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెబుతుంది, రెండోది ఆ మూలలో ఎన్నో పన్నో చెబుతుంది. నాలుగు, ఆరు అంటే నర్సు నలభై ఆరని రాసుకుంటుంది. పొద్దస్తమానం ఆ భాషలో బతికే మనిషికి ఆరున్నొకటి ఇంకెలా వినపడుతుంది? "మా లెక్కలో ఆరు ఒకటంటే ముందరి పాలపన్నండీ" అని ఆయన నీరసంగా చెప్పాడు. పదిహేడొచ్చిన రోజున లాభంగారు "పదహారున్నొకటి!" అన్నాడు, ఈయన నూట అరవై ఒకటని రాసుకున్నాడు.

లాభమ్మ ఇక ఆపుకోలేకపోయింది. కుర్చీ చెయ్యి పట్టుకుని పడీపడీ నవ్వింది. యార్డు భాషంతా విడమరచి చెప్పి, మధ్యమధ్య మళ్ళీ నవ్వింది. డాక్టరు వెంటనే పొరుగూరికి ఫోన్ చేశాడు. లెక్చరరు మాత్రం నవ్వలేదు. తన మెడ ఇంకా తగ్గలేదని, కథలు వద్దని, ఆదివారం నాడు స్వయంగా వచ్చి మెట్ల గదిలో కూర్చుంటానని చెప్పాడు. తన మనిషి ఒకడు గుట్ట మీద నిలబడి విడిగా లెక్కపెట్టి ఫోన్లో చెబుతాడట. పైనుంచి వినపడిన మాటకూ దానికీ ఒక్క తేడా వచ్చినా ఈ ఊరి లెక్క మొత్తం కొట్టేస్తాడట, లాభంగారు ఇంటికి వెళ్ళిపోవాలట.

"అందరూ అనే అంకెలే అనాలి బాబాయిగారూ. ఒకటంటే ఒకటి, ఏడంటే ఏడు" అని బతిమాలి డాక్టరు వెళ్ళాడు.

మర్నాటి నుంచి లాభమ్మ ప్రూఫులు పక్కన పెట్టి మొగుడికి పాఠం మొదలుపెట్టింది. బట్టల క్లిప్పులు వరసగా పేర్చి ఒక్కొక్కటే చూపించేది. "ఒకటి" అనడానికే ఆయన మొహం వికారంగా పెట్టాడు. రెండు రోజులు నానాక అది దారికొచ్చింది. ఏడు దగ్గర మాత్రం బండి కదల్లేదు.

"ఆరు..." అనేవాడు. తర్వాత నోరు తెరిచి ఉండేది గాని మాట బయటికొచ్చేది కాదు.

"అనండి."

"వారానికెన్ని రోజులో అన్ని."

"అలా కాదు."

"ఎనిమిదికి ఒకటి తక్కువ."

"దాన్ని డాక్టరు ఎనభై ఒకటని రాస్తాడు!"

బతిమాలింది, కోప్పడింది, అలిగింది. "అయినా ఏడుపును తప్పించుకోవడానికి ఆరున్నొకటి అంటారా? ఎవరైనా గొంతెత్తి ఏడుస్తుంటే ఆరున్నొక్క రాగం అందుకున్నారనరూ? చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చారు" అని వాదించింది. ఆయన కాసేపు ఆలోచించి, ఆ కోణం యార్డులో ఎవరికీ తట్టలేదని ఒప్పుకున్నాడు. కానీ ఏడు మాత్రం అనలేదు.

శనివారం సాయంత్రం వంటింట్లో ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఉల్లిపాయ ఒకటి చొప్పున ముందుకు తోస్తోంది, ఆయన లెక్కపెడుతున్నాడు. ఆరు దాకా సాఫీగా వచ్చాడు. ఏడో ఉల్లిపాయ చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క మాట! ఒక్క చిన్న మాట! దానికోసం నా పనీ నా నిద్రా పోవాలా? అసలు అంటే ఏమవుతుంది?"

"వినేవాళ్ళు ఏడుస్తారు" అన్నాడాయన, ఉల్లిపాయను దొర్లిస్తూ. "యార్డులో అయితే ఎదురుగా లారీవాడో గుమాస్తానో ఉంటారు. వాళ్ళు ఏడిస్తే ఏడ్చారులే అనుకోవచ్చు. అయినా అనలేదనుకో. ఇంట్లో నాకెదురుగా ఎప్పుడూ ఉండేది నువ్వే కదే."

లాభమ్మ కత్తి ఆగిపోయింది. మంచి కోపం మీదుండగా ఉన్నట్టుండి ఆవిడకు ఆయన మీద బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. వేళాపాళా లేకుండా వచ్చిన ఆ ప్రేమ ఆవిడకు అస్సలు నచ్చలేదు. కళ్ళు కూడా చెమర్చాయి.

"చూశావా!" అని కంగారుపడ్డాడాయన. "ఇంకా అననేలేదు!"

"ఉల్లిపాయలండీ మహానుభావా" అని ఆవిడ చెంగుతో కళ్ళొత్తుకుంది. "సరే. రేపు నేనూ వస్తాను. మీ వెనకాల నిలబడతాను. ఎదురుగా లేను కాబట్టి నాకేం కాదు. అప్పుడంటారా?"

ఆయన దీన్ని న్యాయంగా, అన్ని వైపుల నుంచీ ఆలోచించాడు. "వెనకాలంటే సరిగ్గా వెనకాలే ఉండాలి. పక్కకు తొంగిచూడకూడదు" అన్నాడు.

ఆదివారం లాభమ్మ మోకాళ్ళను తిట్టుకుంటూ ఐదంతస్తులూ ఎక్కింది. ఇనప నిచ్చెన మాత్రం డాక్టరు కిందనుంచి పట్టుకుంటే, ఆయన పైనుంచి లాగితే, నానా యాతనా పడి ఎక్కింది. పైన గాలి ఈడ్చి కొడుతోంది. ఆవిడ మొగుడి వెనక నిలబడి రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకుంది. లెక్చరరు మెడకు పట్టీ వేసుకుని వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా మెట్ల గదిలో కూర్చుని కలం మూత తీశాడు. డాక్టరు గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

మొదట మూడొచ్చాయి. "మూడు!" అన్నాడు లాభంగారు. కాసేపటికి ఒంటరి డేగ ఒకటి గుట్ట పక్కనుంచి వచ్చి సందులోకి జారింది.

"లా..." అన్నాడాయన. లాభమ్మ ఆయన వీపు మీద గట్టిగా గిల్లింది. "ఒకటి!"

"లా ఒకటా?" అని కిందనుంచి లెక్చరరు. "లా అంటే ఎంత?"

"వట్టి ఒకటేనండీ!" అని డాక్టరు నెత్తి బాదుకున్నాడు.

ఎండ ముదిరింది. అప్పుడు కనపడ్డాయి, ఊరికి అవతల, గాలిసుడిలో మెల్లగా గిరగిరా తిరుగుతూ. లాభమ్మ అంతవరకూ డేగల గురించి విన్నదే గాని ఎన్నడూ చూడలేదు. ఒక్కటీ రెక్క ఆడించడం లేదు. చప్పుడన్నది లేదు. ఇంత నిశ్శబ్దంగా ఉండేవాటిని ఇంత గోలగా లెక్కపెట్టే మనిషి ఈయనొక్కడేనేమో అనుకుంది ఆవిడ. పైదాకా పోయాక, ఒక్కొక్కటే సుడి విడిచి సందు వైపు జారడం మొదలుపెట్టాయి. లాభంగారి పెదాలు కదులుతున్నాయి. వరుస అయిపోయింది. ఆయన నోరు తెరిచాడు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎన్నొచ్చాయో ఆవిడకు ఆయన వీపు చూస్తేనే తెలిసిపోయింది.

"ఎన్ని?" అని లెక్చరరు అరిచాడు.

"ఆగండి, ఇంకోటొస్తుంది" అన్నాడు లాభంగారు. ఎనిమిదో డేగ కోసం ఆకాశమంతా గాలించాడు. ఆకాశం ఖాళీగా ఉంది. ఊరి గద్ద ఒకటి వచ్చి ఆయన నెత్తి మీద తిరిగింది. దాన్ని కలిపేద్దామా అన్న ఆశ ఆయన మొహంలో మెదిలింది గాని, గుమ్మం దాటని బస్తాను ఆయన జన్మలో లెక్కలో కలపలేదు.

"ఎన్నండీ? రాసుకోవాలి!"

లాభమ్మ ఆయన వీపుకు నుదురు ఆనించింది. "నేను ఎదురుగా లేనండీ" అంది. "సరిగ్గా వెనకాలే ఉన్నాను. అనండి."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. బస్తాల మీదా లారీల మీదా అన్నాళ్ళు దాచుకున్న మాట ఒక్కపెట్టున బయటికొచ్చింది.

"ఏడు!"

కింద వీధిలో ఒకావిడ పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కుపోతోంది. వాడేదో కావాలని అప్పటిదాకా పేచీ పెడుతున్నాడు, ఏడిస్తే తంతానని తల్లి బెదిరించడంతో బిగబట్టుకుని ఉన్నాడు. ఆకాశంలోంచి "ఏడు!" అని ఆజ్ఞ వినపడగానే వాడు పైకి చూసి, ఇక అడ్డేముందన్నట్టు ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు.

"ఏడు" అన్నాడు లెక్చరరు ఫోను చెవి దగ్గరి నుంచి తీస్తూ. "మావాడూ ఏడే అన్నాడు. సరిపోయింది." గొంతు సవరించుకుని, "ఆ గొంతు మాకుంటే గుట్ట మీదికి ఫోనే అక్కర్లేదు" అన్నాడు. డాక్టరు ఎగిరి గంతేసి, గుమ్మానికి తల కొట్టుకుని, "రేపట్నుంచి కూడా బాబాయిగారే!" అని అరిచాడు.

లాభమ్మకు నిశ్శబ్దం దక్కింది. గడియారం దక్కింది, ప్రూఫులు దక్కాయి. ఆవిడ సంతోషించవలసిన ఘడియ అది. సంతోషించింది కూడా. కానీ మొగుడి చొక్కాలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఒక్క మాట అనకుండా ఈయన తనను ఇన్నాళ్ళూ కాపాడుకొస్తున్నాననుకున్నాడు, తను మాత్రం ఈ గోల ఎప్పుడు వదులుతుందా అని చూసింది. ఆ రెండూ కలిసి ఆవిణ్ణి ఏడిపించాయి.

వీపుకు తడి తగిలి ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. కింద పిల్లవాడి ఏడుపు ఒక పక్క, ఎదురుగా పెళ్ళాం ఏడుపు ఒక పక్క.

"చూశావా! చెబితే విన్నావా? ఇందుకే అననన్నాను!" ఏం చేయాలో తెలియక ఆయన చొక్కా చేతితోనే ఆవిడ మొహం తుడవబోయాడు. "ఇంకెప్పుడూ అనను. లెక్క పోతే పోనీ. ఏడవకే."

"ఇది ఆ ఏడుపు కాదండీ" అంది ఆవిడ ముక్కు ఎగబీల్చుకుంటూ.

"ఏడుపులో రకాలా? ఎన్ని?"

ఆవిడకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. తల ఎత్తింది. అప్పుడు ఆయన భుజం మీదుగా కనపడింది, గుంపును పోగొట్టుకుని వెనకబడ్డ డేగ ఒక్కటి. పెద్దది, రెక్కలు చాపుకుని, వాళ్ళిద్దరి నెత్తి మీదుగా, తాకేటంత కిందుగా వచ్చి, గుట్టల సందులోకి జారిపోయింది. ఆయన దాన్ని చూడలేదు. ఆయన ఆవిడ మొహాన్నే చూస్తున్నాడు. లెక్కపెట్టవలసిన మనిషి లెక్కపెట్టడం లేదు, డేగేమో గుమ్మం దాటిపోతోంది. ఆవిడ వెనకాముందూ చూసుకోకుండా గొంతెత్తి అరిచింది.

"లాభం!"

కింద లెక్చరరు కలం పట్టుకుని బయటికొచ్చాడు. "ఏమిటది? ఎంత?"

లాభంగారు నోరు తెరుచుకుని పెళ్ళాం వంక చూశాడు. తర్వాత కిందికి వంగి, తన గొంతుకు ఎన్నడూ చేతకానంత మెల్లగా చెప్పాడు.

"ఒకటండీ. ఒకటని రాసుకోండి."

లెక్చరరు ఒకటని రాసుకున్నాడు.